సరుగుడు తోటలోని కాంక్రీటు గది యుద్ధకాలం నాటిదేనా? కూల్చాలా, ఉంచాలా?

తోటవాకిలి

మా మేనమామగారికి భీమిలి దారిలో, సముద్రపు ఒడ్డుకు ముప్పావు కిలోమీటరు లోపల, రెండెకరాల సరుగుడు తోట ఉంది. ఆ తోట తూర్పు మూలన ఇసుక దిబ్బ మీద, సగం భూమిలోకి దిగబడిన కాంక్రీటు గది ఒకటి ఉంది. పైకి నా ఛాతీ ఎత్తు మాత్రమే కనిపిస్తుంది. గోడలు నాలుగు కావు, ఆరు. వాటిలో మూడింటికి మూరెడు పొడవున, జానెడు ఎత్తయినా లేని అడ్డ కంతలు ఉన్నాయి. పడమటి వైపు వంగి దూరవలసిన ద్వారం ఉంది. మా అమ్మమ్మ దానిని సోల్జర్ల గది అనేది. మావయ్య చిన్నతనంలో సరుగుడు పుల్లలు వానకు తడవకుండా అందులోనే దాచేవారట.

ఇప్పుడు ఆ తోటను ఇళ్ళ స్థలాలుగా విడగొడుతున్నారు. వచ్చే నెల జేసీబీ వస్తుంది. చూడడానికి వచ్చిన మేస్త్రి అది పాత పంపుషెడ్డనీ, ఒక పూటలో లేపేయవచ్చనీ చెప్పి వెళ్ళాడు. నాకు మాత్రం అది రెండో ప్రపంచ యుద్ధం నాటి పిల్‌బాక్స్, అంటే సైనికులు లోపల దాగి కంతల్లోంచి తుపాకులు పేల్చే గది, అనిపిస్తోంది. అయితే ఒక్క సంగతి నన్ను వెనక్కి లాగుతోంది. కంతలలో ఒకటి గెడ్డ (వాగు) వైపు, ఒకటి పాత బండిబాట వైపు, మూడోది ఉత్తరాన తాటితోపు వైపు ఉన్నాయి. సముద్రం వైపు ఒక్కటీ లేదు. శత్రువు సముద్రం మీద నుంచి వస్తాడని భయపడి కట్టినవారు సముద్రం వైపు కంత పెట్టకుండా ఉంటారా?

చెక్కముద్ర

పంపుషెడ్డుకు ఆరు గోడలు ఎవరూ కట్టరు. నేను ముప్పై ఏళ్ళుగా కట్టడాల పనిలో ఉన్నాను. ఆరు పలకల సెంట్రింగ్, అదే కాంక్రీటు పోయడానికి కట్టే చెక్క అచ్చు, అంటే చెక్క ఎక్కువ పడుతుంది, మూలలు కలపడం కష్టం, వడ్రంగి కూలి పెరుగుతుంది. మోటారు పెట్టుకోవడానికి అంత శ్రమ పడే రైతు ఉండడు. అయినా ఊహతో తేల్చవద్దు, టేపు పట్టుకుని వెళ్ళండి. మొదట కంత దగ్గర గోడ మందం కొలవండి. పంపుషెడ్డు గోడ తొమ్మిది అంగుళాలు దాటదు. తుపాకీ గుండును ఆపడానికి కట్టిన గోడ కనీసం ఒక అడుగు ఉంటుంది. తరువాత కంత ఆకారం చూడండి. గాలి కోసం పెట్టిన వెంటిలేటరు లోపలా బయటా ఒకే కొలతలో ఉంటుంది. తుపాకీ కంత అలా ఉండదు, ఒక పక్క సన్నగా మొదలై రెండో పక్కకు విచ్చుకుంటుంది, లేదా మెట్లు మెట్లుగా తెరుచుకుంటుంది. తుపాకీని అటూ ఇటూ తిప్పడానికి చోటు కావాలి, బయటి గుండు అంచుకు తగిలి లోపలికి జారకూడదు, ఈ రెండు అవసరాలే దానికి ఆ రూపం ఇస్తాయి. కంత కింద లోపలి వైపు అరుగు లాంటిది ఉన్నదేమో కూడా చూడండి. మరతుపాకీ కాళ్ళు ఆనించడానికి అది ఉండేది.

పాతరోజులపుట

సముద్రం వైపు కంత లేకపోవడం మీ అనుమానానికి బలమే గాని బలహీనత కాదు. సముద్రానికి ఎదురుగా కన్ను తెరిచి కూర్చున్న గదిని యుద్ధనౌక మీది ఫిరంగి దూరం నుంచే చూసి కొట్టగలదు. అందువల్ల ఇలాంటి గదులను పక్కకు తిప్పి కట్టేవారు. ఒడ్డుకు దిగినవాడు ముందుకు రావాలంటే గెడ్డ దాటాలి, బాట పట్టాలి. ఆ దారికి అడ్డంగా గుండ్లు కురిపించగలిగితే చాలు. మీరు చెప్పిన మూడు కంతలలో రెండు సరిగ్గా అలాంటి దారుల మీదే ఉన్నాయి.

కాలం సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్ పోయింది. మార్చి 23న జపాన్ సేనలు అండమాన్‌లో దిగాయి. అండమాన్ నుంచి మన తీరానికి మధ్య బంగాళాఖాతం తప్ప మరేమీ లేదు. మద్రాసుకూ కలకత్తాకూ నడుమ పెద్ద నౌకలు భద్రంగా లోపలికి వచ్చి నిలబడగల రేవు 1933లో తెరిచిన విశాఖ రేవు ఒక్కటే. సింధియా వారి నౌకా నిర్మాణ కేంద్రానికి 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి ఏడాది కూడా నిండలేదు. ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద జపాన్ విమానాల దాడి జరిగింది. మరునాడు, 6వ తేదీన, ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఒడ్డున సైనికులు దిగుతారన్న భయం ఉత్తి పుకారు కాదు, కళ్ళ ముందున్న ముప్పు.

వాల్తేరు_మెట్ట

పాతరోజులపుట గారు చెప్పిన ఆ ఏప్రిల్ 6వ తేదీని మా నాన్నగారు చనిపోయేవరకు మరిచిపోలేదు. అప్పటికి ఆయన వయసు పదకొండేళ్ళు. రేవు వైపు నుంచి చప్పుడు వినిపించినప్పుడు వాళ్ళమ్మ పొయ్యి మీది అన్నం గిన్నెను దించకుండానే పిల్లలను తీసుకుని వీధిలోకి వచ్చేసిందట. సాయంత్రానికి వాళ్ళ వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. తాళం లేనివారు తలుపును తాడుతో కట్టి వెళ్ళారు. ఎడ్లబండి దొరికినవారు బండి మీద, దొరకనివారు నెత్తిన మూటలతో విజయనగరం దారి పట్టారు. మా నాన్నగారు రెండు రోజులు నడిచారు. దారిలో ఒక ఊరివారు వీళ్ళకు గంజి పోసి, మావిడి తోటలో పడుకోనిచ్చారట. ఆ ఊరి పేరు ఆయనకు గుర్తు లేదు గాని, గంజిలో వేసిన ఉప్పురాయి కరగకుండా పంటికి తగలడం మాత్రం గుర్తుండేది.

ఆ ఏడాదే ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా గుంటూరుకు తరలిపోయింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు అప్పుడు ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్). యుద్ధం ముగిశాకే మళ్ళీ వాల్తేరుకు వచ్చింది. ఊరు అంతగా ఖాళీ అయిన రోజుల గుర్తు ఒకటి మీ తోటలో నిలబడి ఉంటే, బాబూ, దయచేసి తొందరపడకండి.

నాలుగెకరాలు

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. అయినా నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఆ గదిని తెల్లవాళ్ళు తమ రాజ్యాన్ని కాపాడుకోవడానికి కట్టుకున్నారు. రైతును అడిగి కట్టలేదు. ఆ కాలంలోనే బెంగాల్ తీరంలో శత్రువు చేతికి చిక్కకూడదని చెప్పి పదిమందికి మించి పట్టే పడవలన్నిటినీ జనం దగ్గర నుంచి లాక్కున్నారు. పడవ లేక చేపలు పట్టేవాడూ ధాన్యం మోసేవాడూ చితికిపోయారు, మరుసటి ఏడు, 1943లో, కరువు వచ్చి లక్షలాది మంది చనిపోయారు. అలాంటి ఏర్పాట్లలో భాగమైన కాంక్రీటు ముద్దకు ఈ రోజు మనం దండం పెట్టాలా?

ఇంకొక మాట. రెండెకరాలు ఉన్నవాడికి ఒక స్థలం పోతే నష్టం చిన్నది కాదు. ఊరి వాళ్ళందరూ వచ్చి ఫోటోలు తీసుకుంటారు, దాని పన్ను మాత్రం మీ మావయ్య కడతారు. చరిత్ర మీద ప్రేమ ఉన్నవారు ఆ భూమి ధర కూడా కలిసి పంచుకోవాలి.

జాలరిపేట_అల

దండం పెట్టమని ఎవరూ అనడం లేదు, నాలుగెకరాలు గారూ. మాది సముద్రం మీద బతికే కుటుంబం. మా పేట ఒడ్డున కూడా అలాంటి గది ఒకటి ఉంది. చాలా ఏళ్ళు ఇసుకలో పూడిపోయి పైకప్పు మాత్రమే తెలిసేది. మేము దాని మీద వలలు ఆరవేసేవాళ్ళం. తరువాత కోత పెరిగి, అలలు ఇసుకను లాక్కుపోయి, గది మొత్తం బయటపడింది. అప్పుడే దాని అసలు ఎత్తు మాకు తెలిసింది. పట్టణం నుంచి జనం చూడడానికి వచ్చారు, పత్రికల్లో రాశారు. పెద్దవాళ్ళు మాత్రం అది అక్కడ ఉందని మాకు ముందే చెప్పేవారు.

మాకు అది తెల్లవాళ్ళ కోట కాదు. సముద్రం ఎంత ముందుకు వచ్చిందో చెప్పే గుర్తు. నా చిన్నతనంలో నీటి అంచు నుంచి దాని దగ్గరకు నడిస్తే కాళ్ళు కాలేవి, అంత ఇసుక ఉండేది. ఇప్పుడు పోటు రోజున అల దాని గోడకే కొడుతుంది.

చెక్కముద్ర

జాలరిపేట_అల గారు చెప్పిన కోతకు కారణం ఉంది. తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు కోసం సముద్రంలోకి కట్టిన రాతి గోడలు ఆ ఇసుకను దక్షిణం వైపే ఆపేస్తాయి. ఉత్తరాన ఉన్న ఒడ్డుకు రావలసిన ఇసుక రాదు, అలలు ఉన్నదాన్ని తీసుకుపోతాయి. అందుకే రేవు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి రామకృష్ణా బీచ్ వైపు పోస్తుంటారు.

ఇసుక జారిపోయినప్పుడు ఇటుక గోడ అయితే ముక్కలవుతుంది. ఈ గదులు అడుగు పలక, గోడలు, కప్పు కలిసి ఒకే రాయిలా ఉంటాయి కాబట్టి పగలవు, పడవలా ఒక పక్కకు ఒరుగుతాయి. ఒడ్డున వంగి ఉన్న గదిని చూసి నాసిరకం పని అనుకోకండి. కింద నేల పోయినా విడిపోకుండా ఉందంటే పని బాగా జరిగిందని అర్థం.

సముద్రానికి_ఆవల

నేను విశాఖలో పుట్టి పెరిగి, ఇప్పుడు ఇంగ్లండు తూర్పు భాగంలో సఫోక్‌లో ఉంటున్నాను. ఇక్కడి పల్లెల్లో ఇవి పొలం గట్ల మీద, కాలువల ఒడ్డున, గోధుమ చేల మధ్యలో కనిపిస్తాయి. 1940 మే నెలాఖరులో డన్‌కర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం తిరిగి వచ్చేటప్పటికి ఫిరంగులు, బండ్లు ఫ్రాన్సులోనే మిగిలిపోయాయి. జర్మన్లు వస్తే ఆపడానికి చేతిలో ఉన్నది కాంక్రీటు, మనుషులు మాత్రమే. స్వదేశ రక్షణ సేనాధిపతి జనరల్ ఐరన్‌సైడ్ దేశమంతటా అడ్డుగీతలు గీయించి, నదులను, రైలు కట్టలను కలుపుకుంటూ ఈ గదులు కట్టించాడు. కొద్ది నెలల్లోనే వేలకు వేలు లేచాయి. మొత్తం సుమారు 28,000 కట్టారని, ఇప్పటికి 6,500 దాకా మిగిలాయని అంచనా. జూలైలో ఆయన స్థానంలో వచ్చిన అలన్ బ్రూక్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. సైన్యం గదుల్లో కూర్చోకూడదు, కదులుతూ ఎదురుదెబ్బ తీయాలని ఆయన అభిప్రాయం. ఆ విధంగా కాంక్రీటు ఆరకముందే వీటిలో చాలావాటికి పని తగ్గిపోయింది.

తోటవాకిలి గారు చెప్పిన ఆరు పలకల రూపం ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే రూపాలలో ఒకటి. యుద్ధ శాఖలోని కోటల విభాగం నమూనా పటాలు గీసి వాటికి అంకెలు ఇచ్చింది. 22వ రకం ఆరు పలకలూ సమానంగా ఉన్నది. 24వ రకంలో ద్వారం ఉన్న వెనుక పలక మిగిలిన వాటికన్నా పొడవు. లోపల మధ్యలో ఒక అడ్డుగోడ ఉంటుంది. ఒక కంతలోంచి దూరిన గుండు గది అంతా తిరిగి అందరినీ కొట్టకుండా అది అడ్డుకుంటుంది. మీ గది మధ్యలో అలాంటి గోడ ఉందా?

ఇక్కడ రైతులు వీటి చుట్టూ దున్నుకుంటారు. కొందరు గొర్రెల మేత పెట్టుకుంటారు. మా ఇంటి దగ్గరి దానిలో శీతకాలమంతా గబ్బిలాలు నిద్రపోతాయి, ఆ నెలల్లో లోపలికి ఎవరూ వెళ్ళకుండా ద్వారానికి ఇనుప కమ్ములు బిగించారు. 1995 నుంచి 2002 దాకా దాదాపు ఆరు వందల మంది స్వచ్ఛందంగా ఊరూరా తిరిగి ఇరవై వేలకు దగ్గరగా యుద్ధకాలపు నిర్మాణాలను నమోదు చేశారు. వారిలో ఎక్కువమంది పండితులు కారు. ఆదివారం పూట టేపు, కెమెరా పట్టుకుని పొలాలకు వెళ్ళిన మామూలు మనుషులు. మన తీరానికి కావలసింది కూడా అదే అని నా నమ్మకం.

నాలుగెకరాలు

సముద్రానికి_ఆవల గారు చెప్పిన దేశంలో ఆ గదులు వారి సొంత ఊళ్ళను కాపాడుకోవడానికి వారే కట్టుకున్నవి. మన సంగతి వేరు. ఈ తేడాను మరుగుపరచకండి.

పాతరోజులపుట

మీరు చెప్పిన తేడా నిజం, దానిని మరుగుపరచకూడదన్న మాట కూడా నిజం. అందుకే గది ఉండాలి అంటాను. గది ఉంటే దానిని ఎవరు కట్టించారు, ఎవరి చేత కట్టించారు, ఎవరిని అడగకుండా కట్టించారు అనే ప్రశ్నలు వేసేవాడు ఉంటాడు. గది పోయిన చోట మీ ప్రశ్న కూడా పోతుంది. నేను తెలుగు మాస్టారుగా పనిచేసిన నలభై ఏళ్ళలో పిల్లలకు రెండో ప్రపంచ యుద్ధం అంటే హిట్లరు, హిరోషిమా అని మాత్రమే పాఠంలో ఉండేది. తాము రోజూ నడిచే బీచి రోడ్డుకు ఆ యుద్ధం వచ్చిందని చెబితే వాళ్ళు నమ్మేవారు కారు.

ముప్పు ఎంతకాలం నిలిచింది అన్నది కూడా చెప్పాలి. కొలంబో మీద దాడి చేసిన అయిదు విమానవాహక నౌకలలో మూడు, అకాగి, సోర్యు, హిర్యు, ఆ జూన్‌లోనే పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దగ్గర మునిగిపోయాయి. ఆ తరువాత మన తీరం మీద పెద్ద దళాన్ని దింపే శక్తి జపాన్‌కు మిగలలేదు. మన గదులలో కూర్చున్నవారు ఎదురుచూశారు గాని, దిగేవాడు రాలేదు.

పట్టా_పుస్తకం

చట్టం సంగతి అడగకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం ప్రకారం ఒక కట్టడాన్ని ప్రాచీన స్మారకంగా ప్రకటించాలంటే అది కనీసం నూరేళ్ళ నాటిదై ఉండాలి. 1942లో కట్టిన గదికి నూరేళ్ళు 2042లో నిండుతాయి. అప్పటిదాకా ఆ చట్టం నీడ దానికి దొరకదు. కాబట్టి యజమాని పగలగొడితే ఆ చట్టం కింద ఆపడం కుదరదు. ఇప్పుడు దానిని కాపాడగలిగింది మీ మావయ్యగారి మనసు ఒక్కటే.

అయితే నాలుగెకరాలు గారు చెప్పిన నష్టానికి ఒక దారి ఉంది. అనుమతితో వేసే లేఅవుటులో పదోవంతు నేలను ఖాళీ స్థలంగా ఎలాగూ వదలాలి. ఆ వదిలే నేలను గది ఉన్న మూలకు జరిపితే మావయ్యగారికి ఒక్క గజం కూడా అదనంగా పోదు. పటం ఇంకా ఆమోదానికి వెళ్ళకపోతే, గీసిన సర్వేయరు చేత ఇప్పుడే మార్పించండి. వెళ్ళాక మార్చడం ఆలస్యం, ఖర్చు కూడా.

నాలుగెకరాలు

ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఇంత రాసేవాడిని కాదు. రైతుకు నష్టం లేకుండా ఉంటుందంటే నాకు అభ్యంతరం లేదు. కట్టించినవారి మీద నా అభిప్రాయం మాత్రం మారదు.

తోటవాకిలి

అందరికీ ముందుగా కృతజ్ఞతలు. నిన్న తెల్లవారుజామున మావయ్యను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. చెక్కముద్ర గారు చెప్పినట్టే కొలిచాము. కంత దగ్గర గోడ మందం పద్దెనిమిది అంగుళాలు ఉంది. కంత లోపలి వైపు జానెడుంటే, బయటి వైపు మూడు మెట్లుగా తెరుచుకుని మూరెడు దాకా పెరిగింది. ఒక మెట్టు అంచు అరిగిపోయి గుండ్రంగా ఉంది. దాని కింద కాంక్రీటు అరుగు ఉంది, సగం విరిగింది. సముద్రానికి_ఆవల గారూ, మధ్యలో అడ్డుగోడ ఉంది. అది కప్పు దాకా వెళుతుంది. మావయ్య ఇన్నాళ్ళూ పుల్లలను దానికే ఆనించి పేర్చేవారట.

టార్చి వేసి కప్పు కింది భాగం చూశాను. సెంట్రింగ్ చెక్కల పీచు గుర్తులు నిన్న తీసినట్టు ఉన్నాయి. ఒక చెక్కలో ముడి ఉన్న చోట కాంక్రీటులో గుండ్రటి ముద్ర పడింది. ఇంకొక చెక్క ఏదో సామాను పెట్టెది అయి ఉండాలి, దాని మీది అక్షరాలు కాంక్రీటులోకి తిరగబడి దిగాయి. మొబైలులో ఫోటోను తిప్పి చూస్తే మూడు ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి, మిగిలినవి పెచ్చులతో పాటు రాలిపోయాయి.

అక్కడ నిలబడినప్పుడు మావయ్య నాకు ఎన్నడూ చెప్పని ఒక మాట చెప్పారు. వాళ్ళ నాయనమ్మ ఈ దిబ్బ మీదికి కంకర తట్టలు మోసిందట. గెడ్డ దగ్గర నుంచి దిబ్బ పైదాకా ఆడవాళ్ళు వరసగా నిలబడి తట్ట చేతులు మార్చేవారట. తట్ట అంచు తగిలి ఆమె నడినెత్తిన జుట్టు ఊడిపోయి, చనిపోయేవరకు మళ్ళీ రాలేదట. ఆమె ఆ చోటు మీద ముసుగు వేసుకోకుండా బయటకు వచ్చేది కాదట. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆమె ఫోటోలో ముసుగు ఎందుకు ఉందో నాకు నిన్న తెలిసింది.

వాల్తేరు_మెట్ట

ఈ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. బాబూ, మావయ్యగారు చెప్పినదంతా ఆయన గొంతులోనే రికార్డు చేసి పెట్టండి. మా నాన్నగారి మాటలను నేను అలా చేయలేదు.

జాలరిపేట_అల

ఎవరి చేత కట్టించారు అన్న ప్రశ్నను పాతరోజులపుట గారు ఎత్తారు. సమాధానం వచ్చింది. మా పేటలోని గదికి కూడా ఇసుక, కంకర ఎవరో మోసే ఉంటారు. మా పెద్దవాళ్ళలో తొంభై దాటినవారు ఇద్దరే మిగిలారు. ఈ వారమే వెళ్ళి అడుగుతాను.

చెక్కముద్ర

పద్దెనిమిది అంగుళాల గోడ, మెట్ల కంత, మధ్య గోడ, ఈ మూడూ చాలు. అది పంపుషెడ్డు కాదు. ఇక దాని ఆరోగ్యం గురించి అడుగుతున్నాను. పెచ్చులు రాలాయన్నారు. రాలిన చోట ఇనుప చువ్వ కనిపిస్తోందా? తుప్పు ఏ రంగులో ఉంది? కప్పు మీద చెట్లేమైనా మొలిచాయా?

తోటవాకిలి

మూడు చోట్ల చువ్వ కనిపిస్తోంది. ముట్టుకుంటే పొరలు పొరలుగా ఊడివస్తోంది, రంగు ముదురు ఎరుపు. కప్పు మీద ఈశాన్య మూలన రావి మొక్క మొలిచి నా మోకాలెత్తు పెరిగింది. దాని వేరు కప్పుకూ గోడకూ మధ్య బీటలో దిగింది. మావయ్య దానిని పీకేయబోతే ఆపాను.

చెక్కముద్ర

ఆపి మంచి పని చేశారు. పీకితే వేరుతో పాటు మూల ఊడుతుంది. మొదలు దగ్గర కోసి, కోసిన చోట మందు రాసి వేరును అక్కడే చావనివ్వండి. ఎండిన వేరు బీటలో ఉండిపోయినా ప్రమాదం లేదు.

చువ్వ సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతో గదిని పాడుచేసేది ఇక్కడే. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటు రంధ్రాలలోంచి నెమ్మదిగా లోపలికి దిగి చువ్వను చేరుతుంది. ఇనుము తుప్పు పడితే మునుపటి కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు కావాలంటుంది. లోపల అంత చోటు లేదు, అందువల్ల పైనున్న కాంక్రీటును నెట్టి పెచ్చులుగా ఊడగొడుతుంది. ఇది చూసి కొందరు వెంటనే సిమెంటు పూత పూయించి సున్నం వేయిస్తారు. ఉప్పు లోపలే ఉండిపోతుంది, తుప్పు ఆగదు, రెండు వానాకాలాలకు కొత్త పూత పాత పెచ్చును కూడా వెంటబెట్టుకుని రాలుతుంది. మీ కప్పు మీది ఆ తిరగబడ్డ అక్షరాలు పూత కింద శాశ్వతంగా పోతాయి. కాబట్టి ప్లాస్టరింగ్ వద్దు, రంగు వద్దు. కప్పు మీద నీరు నిలవకుండా వాలు చేయండి, ద్వారం ముందు ఇసుక తీసి నీరు బయటకు పోయే దారి ఇవ్వండి. ఈ రెండింటితోనే ఇంకో తరం నిలుస్తుంది.

సముద్రానికి_ఆవల

ఒక జాగ్రత్త కూడా చేర్చనివ్వండి. లోపలి ఇసుకను తవ్వేటప్పుడు తుప్పు పట్టిన గొట్టం లాంటిది గాని, గుండు లాంటిది గాని కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, పార తగలనివ్వకండి. వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి. ఎనభై ఏళ్ళు దాటినా పేలుడు మందు చావదు. ఇక్కడ పొలాల్లో ఇప్పటికీ దొరుకుతూనే ఉంటాయి.

నమోదు చేసేటప్పుడు ప్రతి గోడనూ విడిగా, పక్కన టేపు పరిచి ఫోటో తీయండి. ప్రతి కంత ఏ దిక్కుకు చూస్తోందో దిక్సూచితో రాయండి. మొబైలులో కనిపించే అక్షాంశ రేఖాంశాలను కాగితం మీద కూడా రాసుకోండి. ప్రతి కంతలోంచి బయటకు కనిపించే దృశ్యాన్ని కూడా ఫోటో తీయండి. ప్లాట్లు వచ్చి ఇళ్ళు లేస్తే ఆ చూపు మళ్ళీ దొరకదు.

పాతరోజులపుట

ఈ జాబితాను మీ ఒక్క గదికే ఆపవద్దు. విజయనగరం జిల్లా బాడంగి వైపు యుద్ధకాలపు విమానాల దిగుడు బాట ఉంది, విశాఖలో బీచి రోడ్డు పక్కన ఇసుకలో దిగిపోయిన గదులు ఉన్నాయి, జాలరిపేటది ఉంది. భీమిలి దాటాక తోటల్లో, జీడిమామిడి పొదల్లో ఎవరికైనా అలాంటివి కనిపిస్తే ఇక్కడే రాయమని కోరుతున్నాను. పట్టిక నేను తయారు చేసి ఉంచుతాను. ఊరి పేరు రాయడానికి యజమాని ఇష్టపడకపోతే రాయవద్దు, కొలతలు మాత్రం రాయండి.

పట్టా_పుస్తకం

తోటవాకిలి గారూ, లేఅవుటు పటం ఏ దశలో ఉందో చెప్పలేదు.

తోటవాకిలి

పటం ఇంకా దాఖలు కాలేదు. ఈ రోజు సాయంత్రం మావయ్య సర్వేయరుకు ఫోను చేసి పార్కు స్థలాన్ని తూర్పు మూలకు జరపమన్నారు. మొదట అది పడమట రోడ్డు పక్కన ఉండేది. రోడ్డు పక్కన ప్లాట్లు పెరుగుతాయి కాబట్టి సర్వేయరు కూడా కాదనలేదు. భాగస్వామి ఒకరు ఇంకా ఒప్పుకోవాలి. ఆయన ఆదివారం వస్తున్నారు. గదిని చూపించాకే మాట్లాడతానని మావయ్య అన్నారు.

ఆదివారం ఉదయం ఆరు గంటలకు మేము అక్కడ ఉంటాము. చెక్కముద్ర గారు, పాతరోజులపుట గారు వీలైతే రండి. దారి విడిగా పంపుతాను. పొడవు టేపు ఒకటి, నిచ్చెన ఒకటి కావాలి. లోపల ఇసుకలో పాము కుబుసం కనిపించింది, కాబట్టి బూట్లు వేసుకోండి.

చెక్కముద్ర

వస్తున్నాను. టేపు, నిచ్చెన నా దగ్గర ఉన్నాయి. రావి వేరుకు రాసే మందు కూడా తెస్తాను.

నాలుగెకరాలు

నేను ఉండేది తగరపువలసలో. దూరం ఎక్కువ లేదు. నేనూ వస్తాను. ఆ నాయనమ్మగారి ఫోటో ఉంటే తీసుకురండి.